చెత్తబండి ఖర్చు ఎవరి బాకీ?

ఇంటిలో పోగైన చెత్తను గడప దాటించడంతో తమ బాధ్యత తీరిపోయిందనుకోవడం మనలో చాలమందికి అలవాటు. గడప దాటిన ఆ చెత్త ఎక్కడికి పోతున్నదని అడిగేవారు కొందరైనా ఉన్నారు. దానిని మోసినందుకు ఎవరు, ఎవరికి, ఎంత చెల్లిస్తున్నారని అడిగేవారు మాత్రం అరుదు. మనకు కరెంటు బిల్లు తెలుసు, పాల లెక్క తెలుసు, కిరాణా దుకాణంలో ఖాతా తెలుసు. చెత్తబండి లెక్క తెలియదు. తెలియని ఖర్చును మోసేవారు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఆ ఒకరు ఎవరన్నదే ఈ వ్యాసంలో మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన జిల్లాలో మన్ననూరు కన్న తగిన ఊరు లేదని మా అభిప్రాయం. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో, హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారి నల్లమల అడవిలో ప్రవేశించే చోట ఉన్నది ఈ గ్రామం. అక్కడ అటవీ శాఖ చెక్‌పోస్టు ఉన్నది. రాత్రి తొమ్మిది గంటల నుండి తెల్లవారి ఆరు గంటల వరకు అడవిదారిలో వాహనాలను పోనివ్వరు. తెల్లవారగానే గేటు తెరుస్తారు, నిలిచిన వాహనాలు బారులు తీరి కదులుతాయి. వాటి వెనుక దారి పొడుగునా మిగిలేవి నీళ్ల సీసాలు, టీ కప్పులు, చిప్సు పొట్లాల కవర్లు. ఊరివారి ఇళ్లలో పుట్టిన చెత్త ఒకటి, ఊరి మీదుగా పోయేవారు విడిచిన చెత్త మరొకటి. ఈ రెండింటి ఖర్చు ఒకరి బాకీయేనా?

దీనికి జవాబు చెప్పుకొనే ముందు కొంత వెనుకకు చూడవలసి ఉన్నది.

మన తాతల కాలంలో పల్లెటూళ్లలో చెత్తకు ఎవరూ కూలి ఇచ్చేవారు కారు, చెత్తకే ధర పలికేది. ప్రతి ఇంటి పెరటిలో పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, ఊడ్చిన ఆకులు, కూరల తొక్కలు అందులో మాగి, ఎండకాలంలో బండ్ల మీద పొలాలకు చేరేవి. ఎరువు లేని రైతు పొరుగువారి పెంటను బండి లెక్కన కొనుక్కొనేవాడు. నల్లమలలో ‘పెంట’ అన్న మాటకు మరొక అర్థం కూడ ఉన్నది. చెంచుల నివాసాలను పెంటలనే అంటారు. దోమలపెంట వంటి ఊరి పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉన్నది. కుళ్లి మట్టిలో కలిసే వస్తువులతో బ్రతికిన సమాజానికి చెత్త భారం కాలేదు. మోదుగాకు విస్తరి పారవేసిన చోటనే ఎరువయ్యేది. కాబట్టి డబ్బు ప్రశ్న తొలుత పుట్టింది పల్లెలలో కాదు, పెరడు లేని పట్టణాలలో.

పట్టణాలలో ఆ ఖర్చును ఎవరు మోశారో మన భాషలే సాక్ష్యం చెబుతాయి. ఉర్దూలో ‘పాక్’ అంటే పవిత్రమైనది, ‘పాకీ’ అంటే పరిశుద్ధత. ఆ మాట తెలుగులోనికి వచ్చి, మలం ఎత్తే పనికి నియోగింపబడిన మనిషి పేరయింది, ఆ పిమ్మట తిట్టు కూడ అయింది. శుద్ధి చేసేవారిని శుద్ధి అన్న మాటతోనే పిలిచి, ఆ మాటను మనం మైలపరచినాము. వారికి దక్కినదేమి? పాత బట్టలు, మిగిలిన అన్నం, కొద్దిపాటి జీతం, ఊరికి దూరంగా ఒక వాడ. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు చేయవలసి వచ్చిందంటే ఆ బాకీ ఎంత కాలం నిలువ ఉన్నదో ఊహించవచ్చును. ఎవరూ డబ్బు చెల్లించని చోట ఎవరో ఒకరు తమ శరీరంతో చెల్లిస్తారన్నది ఈ చరిత్ర నేర్పే మొదటి పాఠం.

ఇక నేటి పద్ధతులను చూద్దాం.

మొదటిది పన్ను పద్ధతి. బల్దియా వారికి మనం కట్టే ఇంటి పన్ను ఒకే మొత్తంగా కనబడినా అందులో భాగాలు ఉన్నవి. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టం ఆస్తి పన్నులో సాధారణ పన్నుతో పాటు మురుగునీటికి, దీపాలకు, పారిశుద్ధ్యానికి వేరువేరు భాగాలను చెప్పింది. ఇంగ్లండు దేశంలోనూ ఇంటి చెత్తను సాధారణంగా స్థానిక సంస్థలు తమ పన్నుల ఆదాయంతోనే ఎత్తుతాయి. ఈ పద్ధతిలో ఉన్న మేలు ఏమనగా, పెద్ద భవనం గలవాడు ఎక్కువ, చిన్న ఇల్లు గలవాడు తక్కువ ఇస్తాడు, చెత్త మాత్రం అందరి వాకిట్లో నుండి పోతుంది. లోపం ఏమనగా, లెక్క కంటికి కనబడదు. కనబడని లెక్కను అడిగేవారుండరు.

రెండవది వాకిట్లో రుసుము పద్ధతి. హైదరాబాదులో 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు ప్రారంభమైనప్పుడు ప్రతి ఇంటికి రెండు బుట్టలు పంచి, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని నేర్పే ప్రయత్నం జరిగింది. ఆటో నడిపేవాడే దాని యజమాని. ఇంటికి నెలకు 50 రూపాయల చొప్పున వసూలు చేసుకొని, అందులోనే బండి అప్పు కిస్తీ, తన కుటుంబ పోషణ చూసుకోవలెనన్నది ఏర్పాటు. ఇందువలన కొందరు నిరుద్యోగులకు జీవనాధారం లభించిన మాట నిజం. కాని చెత్త ఎత్తే మనిషే తన కూలి కొరకు తలుపు తట్టవలసి వచ్చినప్పుడు, ఇచ్చేవారి వీధికి బండి పోతుంది, ఇవ్వలేని వారి బస్తీకి పోవడం మానుతుంది. ఆ బస్తీ చెత్త నాలాలో పడుతుంది, వాన వచ్చిన నాడు ఆ నాలా అందరి ఇళ్లలోనికి పొంగుతుంది.

మూడవది ప్రభుత్వమే రుసుము విధించే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, పట్టణాలలో ఇంటికి నెలకు 30 రూపాయల నుండి 120 రూపాయల వరకు వినియోగ రుసుము పెట్టారు. ప్రజలు దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు. ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాము గదా, మళ్లీ ఇదేమిటి అన్నది వారి ప్రశ్న. అది ఎన్నికల ప్రసంగాలలో ప్రధానాంశమయింది. ప్రభుత్వం మారిన పిమ్మట 2024 అక్టోబరు 2న రద్దు ప్రకటన వెలువడింది, నవంబరులో శాసనసభ చట్ట సవరణ చేసింది. గాంధీ జయంతి నాడు పుట్టి, మూడేళ్లకు గాంధీ జయంతి నాడే రద్దు ప్రకటనకు గురైన రుసుము అది. రుసుము పోయింది గాని చెత్త పోలేదు, బండ్లు నడపవలసే ఉన్నది. ఆ డబ్బు ఇప్పుడు ఖజానాలో మరొక పద్దు నుండి రావలెను. ప్రజలు పన్నును ద్వేషించారనడం సగం నిజమే. చెప్పకుండా, లెక్క చూపకుండా అడిగిన పన్నును వారు ద్వేషించారనడం పూర్తి నిజమని మేము భావిస్తున్నాము.

ఇక మన పల్లెల సంగతి. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం పిమ్మట, 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలయింది. ప్రతి గ్రామ పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, చెత్త వేసే యార్డు ఏర్పాటు చేశారు. మారుమూల గ్రామంలో కూడ ఉదయం బండి వచ్చి ఇంటి ముందు నిలవడం ఇదివరకు ఎరుగని మార్పు. దానిని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అయితే ట్రాక్టరు కిస్తీ, డీజిలు, కార్మికుల జీతం ఎక్కడి నుండి రావలెను? కొంత ఇంటి పన్ను, కొంత రాష్ట్ర ప్రభుత్వ నిధి, కొంత కేంద్ర ఆర్థిక సంఘం నిధి. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం గ్రామాలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయింపబడింది.

పైనుండి వచ్చే నీటిని నమ్ముకొన్న కాలువ వంటిది ఈ ఏర్పాటు. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర నిధులు ఆగినవి. చెత్త మాత్రం ఏ ఎన్నిక కొరకు ఆగలేదు. ఇక కార్మికుల జీతం చూడండి. 2019లో నెలకు 8,500 రూపాయలుగా నిర్ణయించిన దానిని 2023లో 9,500కు పెంచారు. అదే సంవత్సరం జూలైలో రాష్ట్రమంతటా పంచాయతీ కార్మికులు సమ్మె చేశారు. ఒకే మనిషి చెత్త ఎత్తవలెను, మోరీ తీయవలెను, నీళ్లు వదలవలెను, వీధి దీపం చూడవలెను అన్న బహుళ పనుల పద్ధతిని రద్దు చేయవలెనన్నది వారి కోరికలలో ఒకటి. వారు పని మానిన ఆ దినాలలోనే వారి పని ఎంతటిదో ఊళ్లకు తెలిసివచ్చింది.

కొందరు అంటారు, ఇంటింటికి కొంత రుసుము వేస్తే సరిపోదా అని. చిన్న లెక్క చేద్దాం. ఐదు వందల ఇండ్లున్న ఒక ఊరిని ఊహించుకొందాం. ఇంటికి నెలకు 30 రూపాయలు, ఒక్కరూ ఎగవేయకుండా చెల్లించినారనుకొందాం. వచ్చేది 15,000 రూపాయలు. ఇద్దరు కార్మికుల జీతమే 19,000. డీజిలు, కిస్తీ, చేతొడుగులు, మరమ్మతులు ఇంకా మిగిలే ఉన్నవి. కాబట్టి ఇంటి రుసుము ఒక్కటే ఈ భారాన్ని మోయజాలదు. ప్రభుత్వ నిధి తప్పదు. కాని ప్రభుత్వ నిధి ఒక్కటే ఉంటే అది ఆగిన నాడు బండి ఆగుతుంది. రెండూ ఉండవలెను.

ఇతర రాష్ట్రాల అనుభవం కూడ గమనింపదగినది. పూనా నగరంలో చెత్త ఏరుకొని బ్రతికేవారు 1993లో సంఘంగా ఏర్పడినారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. 2008లో ‘స్వచ్ఛ్’ అనే సహకార సంస్థ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకొని ఇంటింటి చెత్త సేకరణ చేపట్టినారు. ఇళ్లవారు ఇచ్చే రుసుము, పొడి చెత్త అమ్మగా వచ్చే డబ్బు వారివే. కేరళలో హరిత కర్మ సేన స్త్రీలు ఇంటింటికి పోయి ప్లాస్టిక్కు మొదలైన పొడి చెత్తను తీసుకొంటారు. అక్కడ కనీస రుసుము గ్రామాలలో నెలకు 50 రూపాయలు, పట్టణాలలో 70 రూపాయలుగా పెట్టారు. తడి చెత్తను వీలైనంత వరకు ఇంటనే ఎరువు చేసుకోవలెనన్నది అక్కడి ఏర్పాటు. ఈ రెండు చోట్లా వసూలు వాకిట్లోనే జరుగుతున్నది. అయినా హైదరాబాదు ఆటోవానికి, పూనా సహకార సంఘ సభ్యురాలికి తేడా ఉన్నది. ఈమె వెనుక సంఘం ఉన్నది, ఒప్పందం ఉన్నది. ఈమె దయను అడగడం లేదు, హక్కును అడుగుతున్నది.

విదేశాలలో మరొక పద్ధతి ఉన్నది. ఎంత చెత్త వేస్తే అంత చెల్లించవలెను. దక్షిణ కొరియాలో 1995 నుండి ఇళ్లవారు ప్రభుత్వం ముద్రించిన సంచులను కొని, వాటిలోనే చెత్త వేయవలెను. సంచి ధరలోనే చెత్త ఎత్తే ఖర్చు కలిసి ఉంటుంది. మరల ఉపయోగపడే కాగితం, సీసా, డబ్బా వేరు చేసి ఇస్తే వాటికి రుసుము లేదు. తైపే నగరంలో 2000 నుండి ఇటువంటిదే అమలులో ఉన్నది. వేరు చేసినవాడికి ఖర్చు తగ్గుతుంది, కలిపి పారవేసినవాడికి పెరుగుతుంది. న్యాయంగానే కనబడుతున్నది. అయితే దీనిని మన్ననూరుకు యథాతథంగా తెస్తే ఏమవుతుంది? సంచి కొనవలసిన ఇంటివాడు చెత్తను పెరట్లో కాల్చుతాడు, లేదా చీకటి పడగానే ఊరి బయట విసరివేస్తాడు. మన్ననూరులో ఊరి బయట అంటే అడవి. అది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి జింకకు, కోతికి ఉప్పు అంటిన కవరు ఆహారంగానే తోస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. మన్ననూరు రెండు చెత్తల ఖర్చు ఎవరి బాకీ?

ఊరి చెత్తలో ఎక్కువ పాలు నేటికీ మట్టిలో కలిసేదే. పెరడున్న ఇంటి నుండి తడి చెత్త బండి ఎక్కనవసరమే లేదు. తాతల పెంటకుప్పను ఈగలు ముసరకుండా మూత గల గుంతగా మార్చుకొంటే చాలు. అప్పుడు ట్రాక్టరు దినం తప్పించి దినం వచ్చినా సరిపోతుంది, డీజిలు ఖర్చు తగ్గుతుంది. ఇక మిగిలేది పొడి చెత్త. ఇనుము, సీసా, అట్టపెట్టె వంటి వాటిని పాత సామాను కొనేవాడు డబ్బిచ్చి తీసుకొంటాడు. వెండిలాగా మెరిసే పొట్లాల కవర్లను మాత్రం ఎవ్వరూ కొనరు. వాటికి బాధ్యులు వాటిని చేసి అమ్మినవారు కావలెను. జర్మనీ దేశం 1991లోనే ఈ సూత్రాన్ని చట్టం చేసింది. మన దేశంలోనూ 2022లో ప్లాస్టిక్కు పొట్లాల ఉత్పత్తిదారుల బాధ్యతను గురించి నియమాలు వచ్చినవి. ఆ బాధ్యత ఫలితం మన్ననూరు చెత్త యార్డు వరకు చేరిన నాడే అది నిజమైన బాధ్యత.

ఇక దారిన పోయేవారి చెత్త. చెక్‌పోస్టు వద్ద అటవీ శాఖ వాహనాల నుండి రుసుము తీసుకొంటున్నది, రోడ్డు పక్కన ప్లాస్టిక్కు ఏరే పనికి స్థానికులను నియమించింది. 2024లో అభయారణ్యంలో ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కును నిషేధించింది. ఇది సరియైన త్రోవ. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయే వేలాది జనులైనా, శ్రీశైలం పోయే యాత్రికులైనా, సెలవు దినాన అడవి చూడవచ్చిన నగరవాసులైనా, తమ వెంట తెచ్చిన దానిని తమ వెంటనే తీసుకొని పోవలెను. తీసుకొని పోలేనివారు ఎత్తినవారి కూలి చెల్లించవలెను. ఆ రుసుములో ఒక భాగం మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట వంటి దారి మీది పంచాయతీలకు నేరుగా చేరవలెనని, వచ్చినది ఎంత, ఖర్చయినది ఎంత అన్నది చెక్‌పోస్టు వద్దనే పలక మీద వ్రాసి ఉంచవలెనని మా సూచన. చెత్తకు ఏమీ కారణం కాని చెంచు గూడెం, నగరవాసి విడిచిన సీసా ఖర్చును మోయడం ఏ న్యాయశాస్త్రం ప్రకారమూ చెల్లదు.

ఇంటివారు చెల్లించవలసిన భాగాన్ని ఇంటి పన్ను రసీదులోనే వేరు వరుసగా చూపవలెను. నిరుపేదలకు, ఒంటరి వృద్ధులకు మినహాయింపు ఉండవలెను. డబ్బును చెత్త ఎత్తే చేయి వసూలు చేయరాదు. ఆ చేతికి నెల మొదటి వారంలో జీతం రావలెను, వసూలు అయినా కాకపోయినా రావలెను. ఏటా గ్రామసభలో ఈ ఒక్క పద్దును చదివి వినిపించవలెను. అప్పుడు ఎవరూ దానిని ‘చెత్త పన్ను’ అని ఈసడించరు, మన ఊరి ఖర్చు అంటారు.

పన్ను మాట ఎత్తగానే పేదవాని మీద భారం అని ఆక్షేపించే మిత్రులుంటారు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాము. అయితే చెత్త ఎత్తని వీధిలో దోమ మొదట కుట్టేది పేదవానినే. ఆసుపత్రి ఖర్చులో చెత్త పన్ను అని వేరు వరుస ఉండదు గాని, అది అక్కడ వసూలవుతూనే ఉంటుంది.

చివరగా మన కళాశాల విషయం. ఇతరులకు సూచనలు చేసే వ్యాసం తన వాకిలి ఊడ్చుకోకుండా ముగియరాదు. వార్షికోత్సవం మరునాడు ఆవరణలో మిగిలే థర్మోకోల్ పళ్లెములు, ప్లాస్టిక్కు గ్లాసులు మనవే. వాటిని ఊడ్చే ఆమె జీతంలో ఆ అదనపు గంటలకు పైకం ఉన్నదా అని విద్యార్థులుగా మనం ఎన్నడైనా అడిగినామా? కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వక మనవి ఇది. ఉత్సవాల ఖర్చు అంచనాలో పందిరికి, మైకుకు, మిఠాయికి ఉన్నట్లే, శుభ్రం చేసినవారి కూలికి కూడ ఒక వరుస వ్రాయించండి. మెస్సు తడి చెత్తకు తోటలో ఒక గుంత తవ్వే పని మా విద్యార్థులకు అప్పగించండి. విద్యార్థి మిత్రులకు మా మాట ఒకటే. శ్రీశైలం దారిలో విహారయాత్రకు పోయినప్పుడు, మన్ననూరు గేటు దాటేటప్పుడు చేతిలోని సీసా వైపు ఒకసారి చూడండి. దానిని కొన్నప్పుడు దుకాణదారునికి చెల్లించినారు. ఎత్తేవారికి ఇంకా బాకీ ఉన్నారు.